అమ్మ సరిచేసిన కాటా

జూన్ 3

మా పిడుగుకి,

కాటా చేరిందా? చేరకపోతే దానికంటే ఉత్తరమే ముందొచ్చిందనుకో, కంగారు పడకు. గోనెసంచి చుట్టి, తాడు కట్టి, ఆ తాడు మీద ఇంకో తాడు కట్టి పంపాను. మీ నాన్న చూసి, "కాటాని పంపుతున్నావా, ఖైదీని పంపుతున్నావా?" అన్నారు. ఆయనకేం, రోజంతా స్కూలు బస్సు నడుపుతూ ఆ పిల్లల దగ్గర నేర్చుకున్న వెటకారమంతా ఇంటికొచ్చి నా మీద ఒలకబోస్తారు.

మీ హాస్టల్ కాటా మూలపడిందనీ, కొత్తది ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదనీ రాశావు కదా. అమ్మ కాటాల మెకానిక్ అయ్యుండి, కూతురు బరువు చూసుకోడానికి వీధులు పట్టుకు తిరగడమేమిటే? నలుగురూ వింటే నవ్విపోతారు. ఇది పాతదే. డాక్టరుగారు పారేయబోతే అడిగి తెచ్చుకున్నాను. విప్పి, తుడిచి, నూనె వేసి, స్ప్రింగు నా చేత్తో బిగించాను. నీ మంచం కింద పెట్టుకో. దాని మీద నువ్వు తప్ప ఇంకెవరూ ఎక్కకూడదు. చెప్పానా? ఇంకెవరూ.

నిన్న మీ పెద్దమ్మ వచ్చింది. పాత పాటే. "ఆడపిల్లని కుస్తీలకి పంపావు, రేపు చెయ్యో కాలో విరిగితే దిక్కెవరు?" అని. "విరిగేది అవతలి పిల్లదేలే అక్కా, నువ్వు టీ తాగు" అన్నాను. నీకు గుర్తుందా, మూడో క్లాసులో నిన్ను ఏడిపించిన వాణ్ణి అమాంతం ఎత్తి ఇసకలో కుదేశావు. వాళ్ళమ్మ ఇంటి మీదికొచ్చింది. వీధంతా నిన్ను తిట్టమంది. నేను నిన్ను లోపలికి తీసుకెళ్ళి తలుపేసి, "ఎలా ఎత్తావో మళ్ళీ చూపించు" అన్నాను. ఆ రోజే నిశ్చయించుకున్నాను, దీన్ని ఆపకూడదని.

కానీ ఒక్క మాట. పోయినసారి ఇంటికొచ్చినప్పుడు బట్టలు ఆరేస్తూ తూలి దండెం పట్టుకున్నావు. ఎండ అన్నావు. ఎండా లేదు, గిండా లేదు, నాకు తెలుసు. నీ పోటీకి యాభై కేజీల లోపు ఉండాలంటే ఉండు, నేను కాదన్నానా? కడుపు మాడ్చుకుని మాత్రం వద్దు. కాటా ఒప్పుకున్నంత మేరా హాయిగా తిను.

కోడిమాంసం కొట్టువాడు మళ్ళీ వచ్చాడు. "కాస్త ముల్లు మనవైపు మొగ్గేలా చూడమ్మా" అని నసిగాడు. కాటా చేతిలో పెట్టి మెట్లు చూపించాను. అదీ సంగతి.

తినడం మర్చిపోకు.

అమ్మ


జూన్ 14

అమ్మా,

కాటా వచ్చింది. తాళ్ళు విప్పడానికే నాకు కుస్తీ పట్టినంత పనైంది.

ఇక్కడ మిగతా అమ్మాయిలంతా వీధి చివర గింజల కొట్టుకి పోయి, బస్తాలు తూచే కాటా మీద నిలబడుతున్నారు. ఆ కొట్టాయన ఒక్కొక్కరినీ ఎక్కించి, "ఈ బస్తాకి ఎంత ధర చెప్పమంటారు?" అని జోకులేస్తాడట. నేను మాత్రం వెళ్ళను. కోచ్ మేడం, "నువ్వూ వెళ్ళి ఒకసారి అక్కడ చూసుకోవే" అంది. "మా ఊళ్ళో బంగారం కొట్టువాళ్ళు కూడా మా అమ్మ తూనికనే నమ్ముతారు మేడం" అన్నాను. మూతి తిప్పుకుని పోయింది.

విచిత్రమేంటో తెలుసా? పొద్దున రెండు గుడ్లు, అరటిపండు, మధ్యాహ్నం కంచం నిండా అన్నం తింటున్నాను. అయినా ముల్లు యాభై దాటడం లేదు! ఇన్నాళ్ళూ అనవసరంగా నీళ్ళు కూడా కొలుచుకుని తాగాను. నిన్న ప్రాక్టీసులో నాకంటే పెద్ద పిల్లని పడేశాను. దాని మొహం చూడాల్సింది. కింద పడుకునే, "ఏం తింటున్నావే నువ్వు?" అంది. "అమ్మ కాటా" అన్నాను.

జాతీయ జట్టు ఎంపిక వచ్చే నెల మూడో వారంలో. అప్పటిదాకా ఫోన్లు ఇవ్వరు. ఉత్తరాలే మనకి గతి. నాన్నకి చెప్పు, ఆయన అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని, ఇకనుంచి నువ్వే రాయి.

పిడుగు


జూన్ 22

పిడుగూ,

నీ ఉత్తరం మీ నాన్నకి చదివి వినిపించాను. కోడి కెలికిన దగ్గర ఆయన లేచి వెళ్ళిపోయారు. కంచం నిండా అన్నం అన్న దగ్గర నేను మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. నా కళ్ళు చల్లబడ్డాయి తల్లీ.

అలా అని ఒళ్ళు మరిచిపోకు. ఎంపిక ముందు నేనొక్కసారి వచ్చి కాటా చూసి వెళ్తాను. ప్రయాణంలో కుదుపులకి ఏమన్నా కదిలిందో ఏమో. పదిహేనో తారీకుకల్లా అక్కడుంటాను. ఆ తర్వాత అయిదారు రోజులు కాస్త కట్టడిగా ఉంటే నీకు సరిపోతుంది, నువ్వు మొండిదానివి. ఈలోగా వీలైతే ఆ గింజల కొట్టులో కూడా ఒకసారి నిలబడు. రెండు చోట్ల చూసుకుంటే తప్పేం లేదు. కోచ్ మేడం చెప్పినప్పుడు అలా ఎదురు చెప్పకూడదు కూడా.

పెద్దమ్మ కూతురికి సంబంధం కుదిరేలా ఉంది. అబ్బాయికి నత్తి అట. పెద్దమ్మ ముందు ఎవరికైనా నత్తి వస్తుందని మీ నాన్న అంటున్నారు.

అమ్మ


జూలై 5

అమ్మా,

నన్ను పోటీలో దిగనివ్వలేదు.

ఎంపిక ముందుకి జరిపేశారు. బయల్దేరే ముందు రోజు చెప్పారు. అయినా నాకేం భయం లేదు. పొద్దున్నే మన కాటా మీద చూసుకున్నాను, యాభైకి కాస్త లోపే. రొట్టె కూడా తిని వెళ్ళాను. అక్కడ బరువు చూసే గదిలో ఎక్కాను. ఆ అధికారి చూసి, "ఎక్కువుంది, దిగు" అన్నాడు. నవ్వాను అమ్మా. జోకేమో అనుకున్నాను. మళ్ళీ ఎక్కించాడు. దగ్గర దగ్గర కేజీ ఎక్కువ.

గంట టైమిచ్చారు. రెండు స్వెటర్లు వేసుకుని ఆ బిల్డింగ్ చుట్టూ పరిగెత్తాను. గ్లాసులో ఉమ్మి ఉమ్మి నోరెండిపోయింది. అప్పటికీ తగ్గలేదు. కత్తెర తెప్పించుకుని జడ కోసేశాను. నేనే కోశాను. అది కింద పడినప్పుడు చప్పుడైంది. జుట్టుకి చప్పుడుంటుందని నాకు తెలీదు. మళ్ళీ ఎక్కాను. ఇంకా ఎక్కువే.

అప్పుడు నాకు ఒళ్ళు తెలీలేదు. "మీది దొంగ కాటా" అని అరిచాను. "మా అమ్మ చేత్తో సరిచేసిన కాటా మీద యాభై లోపున్నాను, మా అమ్మ కాటా అబద్ధం చెప్పదు, మీరు అవతలి అమ్మాయి దగ్గర ఏం పుచ్చుకున్నారో చెప్పండి" అన్నాను. అందరూ విన్నారు. ఆ అధికారి మొహం తెల్లగా పాలిపోయింది.

ఇప్పుడు నా మీద విచారణట. ఇరవయ్యో తారీకున, అప్పటిదాకా ఫోను కూడా ఇవ్వరట. తప్పు నాదని తేలితే హాస్టల్లోంచి పంపేస్తారు. పంపేస్తే మళ్ళీ ఎక్కడా చేర్చుకోరు. తప్పు నాది కాదు కదా, తేలదు.

నువ్వు రా అమ్మా. నీ తూకం పడిరాళ్ళు పట్టుకుని రా. మన కాటా మీద వాళ్ళ కళ్ళముందే తూచి చూపించు.

పిడుగు


జూలై 9

నా తల్లీ,

నీ ఉత్తరం కొట్టులో చదివాను. చదివి అలాగే కూర్చుండిపోయాను. ఎవరో వచ్చి పిలిచారట, నేను పలకలేదట, వాళ్ళే పోయి మీ నాన్నని తీసుకొచ్చారు. ఆయన వచ్చేసరికి కూడా కాగితం నా చేతిలోనే ఉంది.

జడ కోసేశావా? అయ్యో. అయ్యో నా తల్లీ. ఎంత పని జరిగిపోయింది!

ఎంపిక ముందుకి జరిపితే నాకొక్క ముక్క ఎవరన్నా చెప్పొద్దా? పదిహేనుకి వస్తానన్నాను కదే. వచ్చేదాన్ని. ఆ గింజల కొట్టులో నిలబడమన్నాను కదా, నిలబడలేదా? ఒక్కసారి నిలబడి ఉంటే పోయేది కదే.

సరే, జరిగిందేదో జరిగింది. నా మాట విను. ఆ అధికారికి క్షమాపణ చెప్పెయ్. కోపంలో అన్నాను, చిన్నపిల్లని అను. పెద్దవాళ్ళు, కరిగిపోతారు. విచారణ దాకా తీసుకెళ్ళకు. కాటా ఎవర్నీ ముట్టుకోనివ్వకు. తాళం వేసి ఉంచు. నేనొచ్చి చూస్తాను.

అన్నం తింటున్నావా?

అమ్మ


జూలై 13

అమ్మా,

ఇది నువ్వు రాసిన ఉత్తరమేనా? రాత నీదే. మాటలు మాత్రం నీవి కావు.

చెయ్యని తప్పుకి తల వంచొద్దని నాకెవరు నేర్పారు? ఇసకలో కుదేసిన వాడికి సారీ చెప్పమని హెడ్మాస్టరు అంటే, "ముందు వాణ్ణి చెప్పమనండి" అని నా చెయ్యి పట్టుకుని స్కూల్లోంచి బయటికి నడిచిందెవరు? ఇప్పుడు నా ఆట పోయింది, నా జుట్టు పోయింది, దొంగదాన్నన్నట్టు అందరూ చూస్తున్నారు, నువ్వేమో "చిన్నపిల్లని అను" అంటున్నావు!

నాకర్థమైంది. పెద్దమ్మ నీ చెవిలో జోరీగలా చేరింది. దాని కూతురికి సంబంధం కుదిరేసరికి నీకూ మనసు మారింది. ఈ వంకతో నన్ను ఇంటికి లాక్కుపోదామని చూస్తున్నావు. అలా అయితే సూటిగా చెప్పు. కడుపులో ఒకటి పెట్టుకుని పైకొకటి మాట్లాడే మనిషివి కావు నువ్వు.

ఇరవైన పొద్దున్నే విచారణ. నువ్వు వచ్చినా సరే, రాకపోయినా సరే, గింజల కొట్టు నుంచి బరువులు తెప్పించి మన కాటా మీద పెట్టి చూపిస్తాను. కోచ్ మేడంకి చెప్పేశాను కూడా. నీ పని ఎంత నికార్సైందో వాళ్ళకి తెలియాలి.

పిడుగు


జూలై 17

పిడుగూ,

ఆ పని చెయ్యకు. నీకు దణ్ణం పెడతాను, బరువులు తెప్పించకు, దాన్ని విప్పకు. పెద్దమ్మకీ దీనికీ ఏ సంబంధం లేదు. నేను బయల్దేరుతున్నాను. అన్నీ ఎదురుగా కూర్చుని చెప్తాను. ఈ ఉత్తరం ముందొస్తుందో నేను ముందొస్తానో.

అమ్మ


జూలై 20, హాస్టల్, మేడ మీద

అమ్మా,

నువ్వు కింద విజిటర్ల గదిలో కూర్చున్నావని వార్డెన్ చెప్పింది. మధ్యదారిలో బస్సు చెడిపోయిందట కదా. నీ పదిహేడో తారీకు ఉత్తరం కూడా ఇప్పుడే ఇచ్చింది. నేను కిందికి రాను. అందుకే ఇది రాసి ఆవిడ చేతికి ఇస్తున్నాను.

విచారణ అయిపోయింది. నలుగురు కూర్చున్నారు. ఆ అధికారి కూడా ఉన్నాడు. ముందు నేను అందరికీ ముల్లు చూపించాను, ఖాళీగా ఉన్నప్పుడు సరిగ్గా సున్నా మీద ఉంది. "చూశారా" అన్నాను. గర్వంగా అన్నాను. తర్వాత గింజల కొట్టాయన తన చేత్తో యాభై కేజీల బరువులు పేర్చాడు. ముల్లు నలభై తొమ్మిది దగ్గర ఆగింది. ఇంకా కదులుతుందేమోనని చూశాను. కదల్లేదు. ఆయన బరువులు దించి మళ్ళీ పేర్చాడు. అంతే.

దార్లో ఎవరైనా ముట్టుకున్నారేమో, నా మీద ఏడ్చేవాళ్ళు ఎవరైనా తిప్పారేమో అనుకున్నాను. నేనే విప్పాను. చిన్నప్పట్నుంచీ నీ పక్కన కూర్చున్నదాన్ని, నాకు తెలీదా? స్ప్రింగులో ఒక చుట్టు పనిచెయ్యకుండా క్లిప్పు బిగించి ఉంది. ఆ క్లిప్పు మర మీద ఎర్ర లక్క చుక్క. నువ్వు పని ముగించాక పెట్టే చుక్క. పగల్లేదు, గీత కూడా పడలేదు. ఎవరూ ముట్టుకోలేదు అమ్మా. ఖాళీగా ఉంటే నిజం చెప్తుంది, మనిషి ఎక్కితే అబద్ధం చెప్తుంది. అలా చెయ్యడం ఎంత కష్టమో నాకు తెలుసు. కోడిమాంసం వాడు ఎన్నేళ్ళుగానో నిన్ను అడుగుతున్నది అలాంటిదే కదా.

ఆ అధికారి అడిగాడు, "ఈ చుక్క మీ అమ్మదేనా?" అని.

"కాదు" అన్నాను.

"మరెవరిది?"

"నాదే. నేనే తిప్పాను" అన్నాను.

"ఎందుకు?" అన్నాడు. "తిండి మీద ఆశతో" అన్నాను. కోచ్ మేడం నా వైపు చూసిన చూపు నీకు చెప్పలేను. గ్లాసు నీళ్ళు కూడా లెక్క చూసుకుని తాగినదాన్ని, ఇప్పుడు నేను తిండిపోతునీ, అబద్ధాలకోరునీ. రేపు నన్ను పంపించే కాగితం మీద సంతకాలు పెడతారట.

నీ పేరు ఎందుకు చెప్పలేదో నాకే తెలీదు. నీ మీద ప్రేమతో అనుకోకు. మా అమ్మ ఇలా చేసిందని నా నోటితో పలకలేకపోయాను. అంతే.

నాతో ఒక్క మాట అనుంటే పోయేది కదా. "నువ్వు చిక్కిపోతున్నావే, నాకు భయంగా ఉంది" అనుంటే. పోట్లాడేదాన్ని. పోట్లాడి వినేదాన్నేమో కూడా.

పైకి రాకు.


జూలై 21, కింద విజిటర్ల గది

తల్లీ,

నిన్న నీ కాగితం చదివి ఈ బెంచీ మీదే ఉండిపోయాను. వార్డెన్ తన గదిలో పడుకోమంది, వెళ్ళలేదు. మెట్ల మీద ఎవరు దిగినా నువ్వేననుకున్నాను.

"తిండి మీద ఆశతో" అన్నావా! నా తప్పుకి నువ్వు ఆ మాట పడ్డావా? చదివిన దగ్గర్నుంచీ నా గుండె నా దగ్గర లేదు. కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

పొద్దున్నే ఆ నలుగురి గదికి వెళ్ళాను. అక్కర్లేదు పొమ్మన్నారు. పోలేదు. పడిరాళ్ళ సంచీ వాళ్ళ బల్ల మీద పెట్టాను. "ఆ చుక్క నాది. ఆ చెయ్యి నాది. నా కూతురికేం తెలీదు" అన్నాను. నమ్మలేదు. కూతుర్ని కాపాడుకోడానికి తల్లి చెప్పే మాటన్నారు. అప్పుడు మర విప్పి, క్లిప్పు తీసి, కాటాని దారిలో పెట్టి, మళ్ళీ ఎలా బిగించానో వాళ్ళ ముందే బిగించి చూపించాను. ఇన్నేళ్ళ పనిలో అంత సిగ్గుపడుతూ మర తిప్పలేదు. ఆ అధికారి చివరిదాకా చూసి ఒకటే అడిగాడు: "మీరు తల్లా, శత్రువా?" దానికి జవాబు నువ్వే తర్వాత చెప్పు.

నిన్ను పంపించడం లేదు. ఇది ముందు విను. ఈ రెండు నెలలూ పోటీలకి వెళ్ళకూడదన్నారు, ఆ తర్వాత నీ ఆట నీది. ఆయనకి చెప్పాల్సిన క్షమాపణ మాత్రం నువ్వే చెప్పాలి. ఆయన కాటా నిక్కచ్చి. నా కాటాల పని లైసెన్సు సంగతి పై ఆఫీసుకి రాస్తారట. రాయనీ. మీ నాన్నకి చెప్పాలంటేనే భయంగా ఉంది.

ఎందుకు చేశానంటావా? నువ్వు గెలవాలని నాకెంత ఉందో నీకు తెలుసు. నువ్వు తూలి దండెం పట్టుకున్న రోజు తినమన్నాను, కసిరావు. డాక్టరు దగ్గరికి పద అన్నాను, తలుపేసుకున్నావు. ఆ తలుపు బయట నిలబడి, నా మాట వినదు కానీ ముల్లు మాట వింటుంది కదా అనుకున్నాను. ముల్లు నా చేతిలో పని. పోటీకి ముందొచ్చి తీసేద్దాం, ఎవరికీ తెలీదు, ఈలోగా నాలుగు మెతుకులు ఒంటికి పడతాయి, అంతే అనుకున్నాను. దాన్ని నీ మంచం కింద పెట్టి, నేను మాత్రం కన్నతల్లినని మురిసిపోయాను. నువ్వు దాని మీద ఒట్టేసి నలుగురి ముందు నిలబడతావని నా ఊహకి రాలేదు. నన్ను అంత నమ్ముతావని తెలీదే.

మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోతున్నాను. కాటా ఇప్పుడు సరిగ్గానే ఉంది, క్లిప్పు తీసేసి వాళ్ళ ముందే తూచి పెట్టాను. కావాలంటే ఉంచుకో, వద్దంటే పారెయ్యి.

అమ్మ


సెప్టెంబర్ 2

అమ్మా,

ఇన్నాళ్ళూ రాయలేదు. నాన్న రాసిన రెండు ఉత్తరాలూ వచ్చాయి. అక్షరాలు అలాగే ఉన్నాయి. నీ లైసెన్సు ఆపేశారనీ, కొట్టు మూసి ఇంట్లో కూర్చుంటున్నావనీ రాశారు. కోడిమాంసం వాడు వచ్చి నిన్ను ఓదార్చాడట. చదివి నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

ఆ అధికారికి క్షమాపణ చెప్పాను. ఆయన, "జుట్టు పెరుగుతోందే" అన్నాడు. ఇంకేం అనలేదు.

యాభై మూడు కేజీల విభాగానికి మారాను. నువ్వు చెప్పి కాదు, కోచ్ మేడం చెప్పి కాదు. ఆ నెల రోజులు తిని కుస్తీ పట్టినప్పుడు నా చేతుల్లో ఎంత బలముందో నాకు తెలిసింది. అందుకని. అది నీ వల్లే తెలిసిందని నీతో అనాలంటే ఇంకా నా నోరు రావడం లేదు, రాస్తున్నాను అంతే.

కోపం పోయిందా అని నాన్న అడిగారు. పోలేదు. ఒకటి చెప్పనా? ఇప్పుడు ఏ కాటా ఎక్కినా నాకు నమ్మకం కుదరడం లేదు. హాస్టల్‌కి కొత్తది వచ్చింది. ఎక్కుతాను, దిగుతాను, మళ్ళీ ఎక్కుతాను. వెనక అమ్మాయిలు విసుక్కుంటారు. నీది కూడా మంచం కిందే ఉంది. దాని మీద మాత్రం ఇంకా ఎక్కలేదు.

నెలాఖరున పోటీ ఉంది. నాన్నతో కలిసి రా. బరువు చూసే గదిలోకి ఎవర్నీ రానివ్వరు, నువ్వు బయట కుర్చీలో కూర్చోవాలి. పడిరాళ్ళు తీసుకురాకు, లోపలికి తొంగి చూడకు, ఎవర్నీ ఏమీ అడక్కు. నేను లోపలికెళ్ళి తూగి, బయటికొచ్చి, ఎంతో నీకు చెప్తాను.

నేను చెప్పింది నువ్వు నమ్మాలి.

పిడుగు